ఇంట్లో శ్రావణం, వీధిలో ఆడి

మా నాయన నా పెళ్లి చూడాలి. ఆ ఏడు జూన్ చివరి వారం నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు.

సేలంలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. నన్నూ నాయననూ బయట కూర్చోమని మా అత్త ఒక్కదానితోనే మాట్లాడాడు. ధర్మపురికి తిరుగు బస్సులో, తొప్పూరు కనుమ దాటాక, అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెళ్లి తై నెల దాకా, అంటే సంక్రాంతి దాకా, ఆగేది లేదనీ రెండు నెలల్లోపల చేసేయాలనీ చెప్పింది. నాయన మా ముందు సీటులో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నాడో, అలా ఉన్నాడో నాకు తెలియదు. ఎందుకంత తొందరని అత్తను నేను అడగలేదు.

అత్త నాయనకు సొంత చెల్లెలు. ఆమె కొడుకే నాకు కాబోయే భర్త. మా వాళ్లలో మేనరికం మామూలే. బావను నేను పరికిణీల వయసు నుంచి ఎరుగుదును. వాళ్లది మొరప్పూరు. బావ కంబైనల్లూరు పక్కన ఒక పంచాయతీ స్కూల్లో టీచరు. వైశాఖంలో నిశ్చితార్థం అయింది. తై నెలలో పెళ్లంటే ఇంకా ఏడెనిమిది నెలలుంది కదా, మెల్లిగా చూసుకుందామని అనుకున్నాం. అప్పటికి నాయనకు దగ్గు మాత్రమే ఉంది. చింతపండు మండీలో ముప్పై ఏళ్లు కాటా వేసిన మనిషికి దగ్గు రాకుండా ఉంటుందా అని మేమే ఆ దగ్గుకు సమాధానం చెప్పుకున్నాం.

ఇంటి ముందర పందిరి వేసి తాళి కట్టించవచ్చు కదా అని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. అప్పుడు ఉంది. మాది వరస ఇళ్లలో మూడోది, ముందర సందు, సందు పొడుగునా కాలువ. నలుగురు కూర్చునే చోటు లేదు. గుళ్లో చేసుకునేది రెండో పెళ్లివాళ్లూ, ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లూ అని మా వాళ్ల నమ్మకం. వీటన్నిటికంటే నాయన సంగతి వేరే ఉంది. ధర్మపురిలో, వెల్లిచందైలో, ఎక్కడ మా వాళ్ల పెళ్లి జరిగినా భోజనాల బంతి చూసేది నాయనే. తెల్లవారుజామునే పోయి పంచె ఎగ్గట్టి, ఎవరికి ఏం తక్కువైందో చూస్తూ వరసల మధ్య తిరిగేవాడు. చివరి బంతిలో, వంటవాళ్లతో కలిసి తాను తినేవాడు. నూరిళ్ల పెళ్లన్నం తిన్నాను, నూరిళ్లవాళ్లూ నా కూతురి పెళ్లిలో తినాలి అని ఒక్కసారే అన్నాడు. మండపమే కావాలని తేలింది.

నాకు అన్నదమ్ములు లేరు. చిన్నాయన హోసూరు దాటి ఎక్కడో కట్టడం పనిలో ఉన్నాడు. అమ్మ నాయనను వదిలి కదలలేదు. అందుకని మండపం వెతికే పని పెళ్లికొడుకు, పెళ్లికూతురి మీదే పడింది. మా ఊళ్లో అప్పటికి అలాంటిది ఎవరూ చూడలేదు. నిశ్చయమైన పిల్లా పిల్లవాడూ కలిసి వీధిలో నడిస్తే అంగళ్లలో త్రాసులు ఆగిపోయేవి. అందుకని అత్త మా ఇద్దరి మధ్య నడిచేది. "తాళి పడేదాకా నేనే మీకు నడిమి గోడ. గోడకి చెవులుండాయి, గుర్తుపెట్టుకోండి" అని మొదటి రోజు బస్టాండులో అంది. బావ నవ్వాడు. అత్త నవ్వలేదు.

బయలుదేరే ముందు నేను పురికొసతో నాయన మంచం వెడల్పు కొలిచాను. అప్పటికే ఆయన పది అడుగులు వేస్తే గోడ పట్టుకుంటున్నాడు. పెళ్లి నాటికి నడవలేకపోతే మంచంతోనే తీసుకుపోవాలని బావ అన్నాడు. కొలుస్తుంటే నాయన కళ్లు తెరిచి ఏందమ్మా అన్నాడు. కొత్త దుప్పటికి అన్నాను. ఆ పురికొసను రుమాలులో కట్టి బావ జేబులో పెట్టుకున్నాడు. మండపం గుమ్మం దగ్గరికి పోగానే మొదట దాన్ని తీసేవాడు.

మొదటిది బస్టాండు దగ్గర, మేడ మీద. ఇరవై రెండు మెట్లు. కాపలా మనిషి మంచివాడే. ముసలివాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుపోతారమ్మా, అలా ఎంతోమంది వచ్చారు అన్నాడు. బావ ఒక ఇనుప కుర్చీ తెప్పించి తానే అందులో కూర్చున్నాడు. కాపలా మనిషీ, ఇంకొక మనిషీ కుర్చీని ఎత్తి మెట్లెక్కారు. అత్తకు నవ్వొచ్చింది, ఊరేగింపు ఇప్పుడే చేసేస్తున్నారని. మెట్లు మలుపు తిరిగేచోట కుర్చీ పక్కకు ఒరిగింది. బావ గోడను పట్టుకున్నాడు. గోడ నున్నగా ఉంది, చెయ్యి జారింది. కిందకు దించాక కుర్చీలో నుంచి లేచి అరచెయ్యి చూసుకున్నాడు. "పట్టుకొనేకి ఏమీ లేదు. మామ చేతికి ఏమీ దొరకదు. వద్దు" అన్నాడు. ఆ రోజే నేను ఈయనను చేసుకోవడం మంచిదేనని అనుకున్నాను. నిశ్చితార్థం నాడు అనుకోలేదు.

రెండోది ఒక కులంవాళ్లు తమ కోసం కట్టుకున్నది. ఖాళీగా ఉన్న రోజుల్లో బయటివాళ్లకూ ఇస్తారని విని పోయాం. బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి మేము లోపల మాట్లాడుకున్న తెలుగు విన్నాడు. మీ వాళ్ల సత్రాలు ఆంధ్రాలో బాగుంటాయట కదా అన్నాడు, నవ్వుతూనే. అత్త అరవంలోనే, ఆయనకంటే చక్కటి అరవంలో, జవాబు చెప్పింది. మా తాత ముత్తాతల సమాధులు వెల్లిచందైలో ఉన్నాయి, ఆంధ్రా ఏ దిక్కున ఉందో మీరు చూపిస్తే అటు తిరిగి ఒక దండం పెట్టుకుంటాను అంది. ఆయన మళ్లీ నవ్వి తేదీలు లేవన్నాడు. పుస్తకం తెరవలేదు.

మూడోదానికి గుమ్మం మధ్యలో రాతి స్తంభం ఉంది. పురికొస పట్టలేదు. నాలుగోదాని ముందర కాలువ వాసన. ఐదోదాంట్లో ఆవణి నెలంతా నిండిపోయింది. ఆదివారాలు రెండు పోయాయి, బావ సెలవులు మూడు పోయాయి. ఇంటికి రాగానే నాయన, దొరికిందా అని అడిగేవాడు కాదు. అత్త చెప్పులు విడిచే చప్పుడు విని తెలుసుకునేవాడు.

ఇక్కడ రోజుల సంగతి కొంత చెప్పాలి. లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. మా ఇళ్లలో రెండు లెక్కలుంటాయి. నాయన ప్రతి ఉగాదికి హోసూరు నుంచి తెలుగు పంచాంగం తెప్పించేవాడు. మా బంధువుల్లో దాన్ని చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. నాకు అక్షరాలు వచ్చింది దాంట్లోనే. స్కూల్లో అరవం, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో నాయన వేలు కింద తిథి, వారం, నక్షత్రం. ఇప్పుడీ కాగితాల మీద రాస్తున్న తెలుగు ఆ వేలు నేర్పిందే. గోడ మీద మాత్రం అందరిళ్లలో లాగే రోజుకో కాగితపు తాళు చింపే అరవ క్యాలెండరు ఉండేది. తెలుగు నెల చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది, అరవ నెల సూర్యుణ్ణి. ఆషాఢంలో మేము పెళ్లి చేయం. ఆడి నెలలో వాళ్లు చేయరు. రెండూ ఒకే సమయానికి వస్తే గొడవ లేదు. రావు. ఆ ఏడు మాకు జూన్ ఆఖరులో ఆషాఢం వచ్చింది, వాళ్లకు జూలై నడిమిలో ఆడి మొదలైంది, ఆగస్టు నడిమికి అది పోయి ఆవణి వస్తుంది. మా వాళ్లు ఎన్ని తరాల నుంచో రెండూ పాటిస్తున్నారు. ఒక భాషలో వద్దన్నది ఇంకో భాషలో చేయరు.

ఆరో మండపం పెన్నాగరం రోడ్డులో, ఊరు దాటీ దాటకముందు ఉంది. కొత్తది. మెట్లు లేవు, వాకిలి నుంచి వేదిక దాకా ఒకే మట్టం. గుమ్మంలో పురికొసను అడ్డంగా పట్టుకుంటే రెండు పక్కలా జానెడు మిగిలింది. వేదికకు ఎడమ పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న గది, దానికి తలుపు లేదు, కమాను మాత్రమే ఉంది. మంచం అక్కడ వేస్తే పదిమంది కళ్లలో పడకుండా, దగ్గు వచ్చినా ఇబ్బంది లేకుండా, తాళి కట్టేది చూడవచ్చు.

నిజంగా కనపడుతుందా అని బావకు అనుమానం వచ్చింది. చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా ఆ గది నేల మీద, మంచం వేసేచోట, వెల్లకిలా పడుకున్నాడు. నన్ను వేదిక మీద కూర్చోమన్నాడు. అత్త అటు తిరిగి గోడకున్న సున్నం చూస్తున్నట్టు నిలబడింది.

"కాళ్లే కనపడతాండాయి. రొంత ఇట్ల జరుగు" అన్నాడు.

జరిగాను.

"ఇంగొంచెం. ఆ, ఇప్పుడు ముఖం కనపడతాంది."

ఆ మాట అన్నాక ఇద్దరం కదలలేదు. ఆయన పడుకున్నది నాయన చోటు. నేను కూర్చున్నది పెళ్లి పీట చోటు. ఖాళీ మండపంలో ఎక్కడో పావురం రెక్కలు కొట్టుకుంది. బావ లేచి వీపు దులుపుకుని, వేదిక మీద నేను కూర్చున్నచోట సున్నపు ముక్కతో చిన్న గీత గీశాడు.

మేనేజరు కళ్లద్దాలకు దారం కట్టుకున్న ముసలాయన. పుస్తకం తిప్పి చూపించాడు. ఆవణిలో ఒక్క పుటా ఖాళీ లేదు. తరువాత ఒక గీత కొట్టేసిన పేరు దగ్గర వేలు ఆపి, ఈ ఆదివారం వాళ్లు నిన్ననే వద్దన్నారు అన్నాడు. ఆవణి మొదటి ఆదివారం. అప్పుడు ఆయన వేలు కింద నుంచి నేను వెనక పుటలు చూశాను. ఆడి నెల పుటలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క పేరు లేదు. ఆ తెల్ల కాగితం చూస్తుండగా తట్టింది. మా ఆషాఢం జూలై ఆఖరుకే అయిపోతుంది. ఆ తరువాత వచ్చేది శ్రావణం. ఆవణి రావడానికి ముందు, ఆడి ఇంకా మిగిలి ఉండగానే, రెండు వారాలకు పైగా మాకు మంచి రోజులు. ధర్మపురిలో అన్ని మండపాలూ ఖాళీగా ఉండే మంచి రోజులు.

నేను ఆ మాట చెప్పగానే మేనేజరు కళ్లద్దాలు తీశాడు. ఆడిలోనా అమ్మా అన్నాడు. మాకు శ్రావణం అన్నాను. ఆయన వాదించలేదు. ఇస్తాను, మాకేం, సున్నం కొట్టించే నెల, ఆ పని రెండు రోజులు ఆపుతాను అన్నాడు. వంటవాళ్లూ మేళంవాళ్లూ ఊరికే కూర్చుని ఉంటారు కాబట్టి పిలిస్తే వస్తారు. "తినేవాళ్లు వస్తారా లేదా అనేది మాత్రం మీరు చూసుకోండి" అన్నాడు అరవంలో, మెల్లిగా, నన్ను నొప్పించకుండా. ఆవణి ఆదివారానికి అడిగేవాళ్లు ఉన్నారు గనుక బుధవారం లోపల ఏదో ఒకటి చెప్పమన్నాడు.

శ్రావణం మొదటి శుక్రవారానికీ ఆ ఆవణి ఆదివారానికీ మధ్య పదహారు దినాలు.

ఆ మంగళవారం మా ఇంట్లో జరిగింది నేను ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి ఉయ్యాల దగ్గరికి పోయి వచ్చాను. మా పాపకు ఇప్పుడు ఐదో నెల. ఊపిరి వినపడకపోతే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. వినపడితే ఎందుకింత గట్టిగా ఉందని చూస్తాను.

ఆ రోజు నాయన బాగున్నాడు. అదే నన్ను చెడగొట్టింది. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడు. మంగలిని పిలిపించి మీసం కత్తిరించుకున్నాడు. దిండు గోడకు వేసి కూర్చుని పంచాంగం ఒళ్లో పెట్టుకుని శ్రావణం పుట తీశాడు. చాలాసేపు వేలితో వెతికాడు. "మొదటి శుక్రవారం. ఏడున్నర నుంచి తొమ్మిది. నక్షత్రం మీ ఇద్దరికీ సరిపోతాది" అన్నాడు. ఆ పుట మీద నుంచి వేలు తీయలేదు.

అత్త ఒప్పుకోలేదు. కోపంగా కాదు, ఏడుస్తూ. అన్న ఉండగా తాళి కట్టించాలన్న ఆశ ఆమెకు నాకంటే తక్కువ లేదు. కానీ తాళి కట్టేది ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆడిలో కొత్త పెళ్లికూతురిని పుట్టింటికి పిల్చుకుపోతారు, అలాంటి నెలలో తాళే కట్టిస్తారా అంది. బావ స్కూల్లో హెడ్మాస్టరు వస్తాడా, పక్కింటివాళ్లు వస్తారా, మండీ యజమాని, ఆ ముదలాళి వస్తాడా అని అడిగింది. వచ్చినా అక్షింతలు వేసి నిలబడే పోతారు, ఆకు ముందు కూర్చోరు అంది. మాకు శ్రావణం కదత్తా అని నేనన్నాను.

"ఇంట్లో శ్రావణం పాపా. వాకిలి దాటి కాలు పెడితే ఆడి. మనం బతికేది యాడ?" అంది.

బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు రెండు రోజులూ సమ్మతమే, అది చెప్పినట్టు చేద్దాం అన్నాడు నన్ను చూపించి. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే. చదువుకున్నది అదే కదా. అన్న కాకుంటే ఆ రెండు లెక్కలూ చదవొచ్చేది దానికొకదానికే. అది ఏమంటే అదే నా మాట" అంది. కొబ్బరి తురుముతున్న అమ్మ తలెత్తకుండా, ఆయన్ని అడగండి అంది. ఎవరూ అడగలేదు. ఆయన వేలు ఎక్కడుందో అందరికీ కనపడుతూనే ఉంది.

నేను ఆవణి అన్నాను.

ఎందుకన్నానో రాయాలి. అత్త బాధపడుతుందని కాదు, తరువాత అలాగే చెప్పుకున్నాను గానీ. ఆడిలో చేస్తే కీడు జరుగుతుందని నేను నమ్మలేదు. కాలేజీలో బోటనీ చదివాను, నెలకు కీడు ఉండదని తెలుసు. కానీ రేపు నా కాపురంలో ఏం జరిగినా, బావకు జ్వరం వచ్చినా, నాకు పిల్లలు ఆలస్యమైనా, అందరూ ఆ శుక్రవారం వైపు వేలు చూపిస్తారు. ఆ రోజును ఎంచుకున్నది నేనే గనుక ఆ వేలు నా మీదే ఉంటుంది. జీవితమంతా ఆ మాట మోయడానికి భయపడ్డాను. దానికి తోడు మీసం కత్తిరించుకుని కూర్చున్న నాయన ముఖం చూశాను. పదహారు రోజులు ఈ మనిషికి ఒక లెక్కా అనిపించింది. నాకు ఏది అనుకూలమో దాన్నే ఆయన ముఖంలో చదువుకున్నాను.

నాయన పంచాంగం మూశాడు. "పదహారు దినాలు కదా. ఎంతలోకి" అన్నాడు. నీళ్లు అడిగాడు. అత్త పోయి తెచ్చింది.

బుధవారం బావ పోయి ఆవణి ఆదివారానికి మా పేరు రాయించి వచ్చాడు.

మొదటి శ్రావణ శుక్రవారం వచ్చింది. అరవవాళ్లకు అది ఆడి శుక్రవారం. తెల్లవారకముందే మారియమ్మ గుడి దగ్గర మైకు మొదలైంది. వీధిలో ఆడవాళ్లు తల మీద అంబలి కుండలు, వేపమండలు పెట్టుకుని పోతున్నారు. నాయన అరుగు మీద కూర్చుంటానన్నాడు. నేనూ అమ్మా రెండు పక్కలా పట్టుకున్నాం గానీ పట్టుకోవలసినంత అవసరం లేదు, తానే నడిచాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. దగ్గు కూడా తక్కువగా ఉంది. పక్కింటామె చెంబుతో అంబలి తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగాడు. పోతున్నవాళ్లు పలకరిస్తే చెయ్యి ఎత్తాడు. ఎండ సందులోకి వచ్చింది.

"ఎనిమిదిన్నర అయ్యుంటాది" అన్నాడు నాతో. సందులోని ఎండ చూస్తూ, "ఈ పొద్దుకు తాళి పడిండేది. మొదటి బంతికి ఆకులు పరుస్తా ఉందురు" అన్నాడు.

నింద కాదు. బస్సు వచ్చే వేళ గురించి మాట్లాడినట్టే అన్నాడు. ఇప్పటికీ ఆ గొంతులో నిందను వెతుకుతాను, దొరకదు. దొరికితే బాగుండేది. నేను లోపలికి పోయి, అవసరం లేకున్నా, పొయ్యి ఊదాను.

ఆ రోజు ఆయన మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చోగలిగాడు. అంటే మండపంలో ఆ చిన్న గదిలో మంచం కూడా అక్కర్లేదు. కుర్చీ చాలు. బహుశా బంతి వరసల మధ్యకు కూడా ఒకసారి పోయి వచ్చేవాడు. నేను లెక్క వేసింది అంతా మంచం వెడల్పుకు.

తరువాతి వారం నుంచి అన్నం మానేశాడు. పడుకుంటే ఊపిరి ఆడక దిండ్లు పేర్చి కూర్చోబెట్టేవాళ్లం. అత్త మొరప్పూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. శుభలేఖలు అచ్చయి వచ్చాయి. పసుపు రాసిన మొదటి శుభలేఖను ఆయన చేతిలో పెడితే, తలకిందులుగా పట్టుకుని చూసి, బాగుండాది అన్నాడు. ఆయన తెలుగు చదవగలడు, అరవం చదవగలడు. ఏదీ చదివే శక్తి అప్పటికి లేదు. నేను ప్రతి పొద్దునా క్యాలెండరు తాళు చింపుతూ, ఇంకా తొమ్మిది, ఇంకా ఎనిమిది అని ఆయనకు వినపడేట్టు చెప్పేదాన్ని. ఒక రోజు అమ్మ ఆ క్యాలెండరును గోడ మీద నుంచి తీసి లోపల పెట్టేసింది.

ఆవణి నెల పుట్టడానికి ఇంకా మూడు రోజులు, పెళ్లికి ఐదు రోజులు ఉండగా, మంగళవారం పొద్దున, నాయన అత్త చేతిలో నుంచి ఒక చెంచా పాలు తాగి, రెండో చెంచాకు నోరు తెరవలేదు.

ఆ ఆదివారం మా ఇల్లు మైలలో ఉంది. బావ ముందే పోయి మండపం వద్దని చెప్పి వచ్చాడు. మేనేజరు పుస్తకంలో మా పేరు వెంటనే కొట్టేయకుండా, ఆ చిన్న గదిలో మంచం వేయాలన్నది ఆయనకేనా అని అడిగాడట. అవునంటే, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అప్పుడు గీత కొట్టాడట. బావ ఇది నాకు చాలా రోజుల తరువాత చెప్పాడు. వేదిక మీద తాను గీసిన సున్నపు గీత ఉందా అని నేను అడగలేదు.

కార్తీకంలో పెళ్లయింది. మొరప్పూరులో, అత్త ఇంటి ముందర పందిరి వేసి, ఇరవై ముప్పైమందితో. చావు జరిగిన ఇంట్లో పెళ్లి ఏడాది లోపల చేసేయాలి, లేకుంటే మూడేళ్లు ఆగాలి అన్నారు పెద్దవాళ్లు. మండపం ఎవరికీ అక్కరలేకపోయింది. చిన్నాయన ధార పోశాడు. బంతి ఎవరు చూశారో, ఎవరు తిన్నారో నాకు గుర్తు లేదు. రైలు పోతే పందిరి గుంజలు అదిరేవి, అది మాత్రం గుర్తుంది.

అప్పటి నుంచి, ఆగి చూద్దాం అనే మాట నాకు పనికిరాదు. పాపకు నుదురు కొంచెం వెచ్చబడితే డాక్టరు దగ్గరికి పోదామంటాను. పొద్దున దాకా చూద్దాం అని బావ అంటే, చెప్పులు వేసుకుని పాపను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడతాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చొక్కా వేసుకుని వస్తాడు. డాక్టరు నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం అత్త కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద పాపను బోర్లా వేసుకుని నూనె రుద్దుతోంది. నేను వేణ్ణీళ్లలో చన్నీళ్లు తొరుపుతున్నాను. పాప చెవులు అచ్చం మా అన్నవే అంది. చాలాసేపు ఆ చెవికే నూనె రాసింది. తరువాత, తల ఎత్తకుండా, ఇన్నాళ్లూ మేమిద్దరం ఎత్తని మాట ఎత్తింది.

"మనసులో పెట్టుకొని కుమిలిపోవద్దు పాపా. ఆడిలో చేసింటే ఏమనిండేవాళ్లు? తాళి పడిన పదకొండో దినమే పోయినాడు, కూతురి పెండ్లే నాయన్ని మింగింది అనిండేవాళ్లు." అరచేతిలో ఇంకొంత నూనె వేసుకుంది. "ఊరు ఎందుకు, నేనే అనిండేదాన్నేమో."

అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు. అనేదే. పండక్కి ఒకసారి, పాపకు జ్వరం వచ్చినప్పుడు ఒకసారి, ఏ మాట మీదో మాట వచ్చినప్పుడు ఒకసారి అనేది. నేను ఏ మాటకు భయపడ్డానో సరిగ్గా ఆ మాటే, ఏ మనిషి నోట వినవలసి వస్తుందనుకున్నానో ఆ మనిషి నోటే. నేను భయపడింది తప్పు కాదు. ఆ మాట నుంచి తప్పించుకున్నాను. తప్పించుకోవడానికి ఏమిచ్చానో కూడా నాకు తెలుసు. ఒక పొద్దున, ఉతికిన పంచెతో, తన కాళ్ల మీద నడిచి వచ్చి కూర్చోగలిగిన మనిషిని అరుగు మీదే కూర్చోబెట్టాను.

ఆ మాట పడి ఉండగలిగేదాన్నే అని ఇప్పుడు అనుకుంటాను. ఇప్పుడు నాకు బిడ్డ ఉంది, చేతులు గట్టిపడ్డాయి. అప్పటి నేను పడగలిగేదాన్నో కాదో ఎంత ఆలోచించినా తేలదు. తేలితే ఎవరికి చెప్పాలో కూడా తెలియదు.

పాపను తిరగేసి పడుకోబెట్టమనీ, నీళ్లు చల్లారిపోతున్నాయనీ మాత్రం అత్తతో అన్నాను.